ఫార్మాట్ కొట్టే ముందు: బూట్ కాని కంప్యూటర్‌ని ఇంట్లోనే బాగుచేసుకోవడం ఎలా

కంప్యూటర్ ఆన్ కావట్లేదని షాపుకి తీసుకెళ్తే తరచుగా వినబడే మాట "ఫార్మాట్ కొట్టాలండీ" అని. వాళ్ళ వైపు నుంచి చూస్తే అది న్యాయమే, గంటా రెండు గంటల్లో పని తేలిపోతుంది. మీ వైపు నుంచి చూస్తే మాత్రం పిల్లల ఫొటోలు, వ్యాపారం లెక్కలు, సర్టిఫికెట్ల స్కాన్లు అన్నీ ఆ డిస్కులోనే ఉన్నాయి. విండోస్ పోతే మళ్ళీ ఎక్కించుకోవచ్చు. ఫైళ్ళు పోతే ఎవరూ తెచ్చివ్వలేరు.

కాబట్టి ఈ పనికి ఒక వరుస ఉంది. ముందు ఎక్కడ ఆగిందో చూడాలి, తర్వాత డిస్కు ఎలా ఉందో చూడాలి, ఆపైన డేటా బయటికి తీయాలి. రిపేరు ఆ తర్వాతే. కింద చెప్పే టూల్స్ అన్నీ ఉచితమే, అన్నీ మంచివే. కానీ వరుస తప్పితే ఆ మంచి టూలే డేటాని మింగేస్తుంది.

కమాండ్లు, మెనూ పేర్లు ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను. స్క్రీన్ మీద కనబడేదీ, మీరు టైప్ చేయాల్సిందీ ఇంగ్లీషులోనే.

ముందు ఎక్కడ ఆగుతోందో చూడండి

పవర్ బటన్ నొక్కితే లైటు లేదు, ఫ్యాన్ శబ్దం లేదు అంటే అది సాఫ్ట్‌వేర్ సమస్య కాదు. లాప్‌టాప్ అయితే ఛార్జర్ తీసేసి, పవర్ బటన్‌ని అర నిమిషం నొక్కి పట్టుకుని, మళ్ళీ ఛార్జర్ పెట్టి చూడండి. డెస్క్‌టాప్ అయితే వైరు, ఎస్ఎంపిఎస్ (లోపల కరెంటు సరఫరా చేసే డబ్బా) చూడాలి. ఫ్యాన్ తిరుగుతూ స్క్రీన్ నల్లగా ఉండి బీప్‌లు వస్తుంటే మొదటి అనుమానం ర్యామ్ మీద. కరెంటు పూర్తిగా తీసేసి, ర్యామ్ స్టిక్ ఊడదీసి, మళ్ళీ గట్టిగా నొక్కి పెట్టండి. రెండు స్టిక్‌లుంటే ఒక్కొక్కటే పెట్టి చూడండి.

కంపెనీ లోగో వచ్చి, ఆ తర్వాత "నో బూటబుల్ డివైస్" లాంటి మాట వస్తే బయోస్‌లోకి (విండోస్ కంటే ముందు తెరుచుకునే సెట్టింగుల తెర) వెళ్ళండి. చాలా వాటికి ఎఫ్2 లేదా డిలీట్ కీ, హెచ్‌పీకి ఎఫ్10. అక్కడ మీ హార్డ్‌డిస్క్ లేదా ఎస్ఎస్‌డీ పేరు కనబడుతోందా? ఈ ఒక్క ప్రశ్నతో సగం దారి తేలిపోతుంది. పేరు కనబడకపోతే కేబుల్ వదులైంది, లేదా డిస్కే పోయింది. బయోస్‌కే కనబడని డిస్కుని ఏ సాఫ్ట్‌వేరూ చదవలేదు. పేరు కనబడితే ఆశ ఉన్నట్టే.

నీలి తెర వస్తుంటే దాని మీద ఉన్న స్టాప్ కోడ్‌ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి. "ఇన్‌యాక్సెసబుల్ బూట్ డివైస్" అని ఉంటే వెంటనే ఒక విషయం చూడాలి. పాత మెషీన్లలో మదర్‌బోర్డు మీద ఉండే సీఆర్2032 బటన్ సెల్ అయిపోతే బయోస్ సెట్టింగులన్నీ మొదటికి వస్తాయి. డిస్కుతో మాట్లాడే తీరు, అంటే డిస్కు మోడ్, ఏహెచ్‌సీఐ నుంచి రెయిడ్‌కో, రెయిడ్ నుంచి ఏహెచ్‌సీఐకో మారిపోతుంది. దాంతో విండోస్‌కి తన డిస్కే కనబడదు. బయోస్‌లో తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తుంటే ఇదే కారణం కావచ్చు. మోడ్ తిరిగి పాతదానికి మార్చి, సెల్ కొత్తది వేస్తే అంతా మామూలైపోవచ్చు. ఇంత చిన్న సంగతికి ఫార్మాట్ కొట్టించుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు.

రెస్క్యూ పెన్‌డ్రైవ్ తయారుచేసుకోండి

దీనికి పనిచేసే ఇంకో కంప్యూటర్ కావాలి. పక్కింటివాళ్ళదైనా ఫర్వాలేదు. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి తీసుకోండి, అందులో ఉన్నవన్నీ చెరిగిపోతాయి.

వెంటాయ్ అనే టూల్ డౌన్‌లోడ్ చేసి, పెన్‌డ్రైవ్ ఎంచుకుని ఇన్‌స్టాల్ నొక్కండి. ఆ తర్వాత చేయాల్సిందల్లా ఐఎస్ఓ ఫైళ్ళని (ఒక బూట్ డిస్కు మొత్తం ఒకే ఫైలుగా ఉండేవి) మామూలు ఫైళ్ళలాగా అందులోకి కాపీ చేయడమే. బూట్ చేసినప్పుడు అవన్నీ మెనూలో వరుసగా కనబడతాయి. రూఫస్ కూడా మంచిదే, కానీ దానితో మామూలుగా ఒక పెన్‌డ్రైవ్‌లో ఒక ఐఎస్ఓనే పడుతుంది. రిపేరు పనికి నాలుగైదు కావాలి కాబట్టి నా ఓటు వెంటాయ్‌కే.

అందులో వేసుకోవాల్సినవి ఇవి:

- సిస్టమ్‌రెస్క్యూ. ఆర్చ్ లినక్స్ (విండోస్‌లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) మీద కట్టిన రిపేరు డిస్క్. డిడిరెస్క్యూ, టెస్ట్‌డిస్క్, ఫొటోరెక్, జీపార్టెడ్ అన్నీ ముందే ఉంటాయి.
- లినక్స్ మింట్. కమాండ్లంటే భయమున్నవాళ్ళకి ఇదే హాయి. విండోస్‌లాగే మౌస్‌తో ఫైళ్ళు లాగి కాపీ చేసుకోవచ్చు.
- మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి తీసుకున్న విండోస్ ఐఎస్ఓ.
- క్లోన్‌జిల్లా (డిస్కుకి నకలు తీసేది), మెమ్‌టెస్ట్86 ప్లస్ (ర్యామ్‌ని పరీక్షించేది).

హైరెన్స్ బూట్‌సీడీ అనే రిపేరు డిస్కు పేరు మీకు తెలిసే ఉంటుంది. 2012లో ఆగిపోయిన పాత 15.2 వెర్షన్ ఇంకా కొన్ని షాపుల్లో తిరుగుతోంది, కానీ ఇప్పటి యుఈఎఫ్ఐ (కొత్త రకం బయోస్) మెషీన్లకి అది పనికిరాదు. తర్వాత అభిమానులు విండోస్ పీఈ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే చిన్న విండోస్) మీద తయారుచేసిన హైరెన్స్ పీఈ వేరే సంగతి, అది బాగానే ఉంటుంది. విండోస్‌కి అలవాటు పడినవాళ్ళు దాన్ని కూడా ఇదే పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు.

ఇక బూట్ మెనూ. మెషీన్ ఆన్ చేస్తూనే డెల్, లెనోవో, ఏసర్ అయితే ఎఫ్12, హెచ్‌పీ అయితే ఎస్కేప్ నొక్కి ఎఫ్9, ఆసుస్ లాప్‌టాప్ అయితే ఎస్కేప్, ఎంఎస్ఐ అయితే ఎఫ్11 తడుతూ ఉండండి. ఏసర్‌లో కొన్నిసార్లు బయోస్‌లోకి వెళ్ళి ఎఫ్12 మెనూని ముందు ఎనేబుల్ చేయాల్సి వస్తుంది.

బిట్‌లాకర్ కీ చేతిలో ఉందా?

బయోస్‌లో ఏదైనా మార్చే ముందు ఇది తేల్చుకోండి. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే చాలు, మీకు తెలియకుండానే బిట్‌లాకర్ డిస్కుకి తాళం వేసి (ఎన్‌క్రిప్ట్ చేసి) ఉండొచ్చు. సెక్యూర్ బూట్ (నమ్మకమైన సాఫ్ట్‌వేర్‌నే బూట్ కానిచ్చే బయోస్ సెట్టింగు) ఆపినా, మదర్‌బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అది లేకపోతే డిస్కులోని డేటాని ఎవరూ తెరవలేరు. షాపువాళ్ళూ తెరవలేరు, మైక్రోసాఫ్టూ తెరవలేదు.

2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వల్ల ప్రపంచమంతా 85 లక్షల విండోస్ మెషీన్లు నీలి తెరతో పడిపోయాయి. హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో ఆ రోజు ఫోన్లన్నీ తిరిగింది. నిజానికి రిపేరు చాలా చిన్నది. సేఫ్ మోడ్‌లోకి (తప్పనిసరి డ్రైవర్లతో మాత్రమే విండోస్ తెరుచుకునే పద్ధతి) వెళ్ళి డ్రైవర్ల ఫోల్డర్‌లో ఒక ఫైలు డిలీట్ చేయాలి, అంతే. ఐటీ వాళ్ళకి చుక్కలు చూపించింది ఆ ఫైలు కాదు, ఒక్కో మెషీన్ బిట్‌లాకర్ కీ వెతుక్కోవడం. కొన్ని ఆఫీసుల్లో ఆ కీలు దాచిన సర్వర్ కూడా అదే నీలి తెరతో కూర్చుంది.

మీ కీ కోసం ఫోన్‌లో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లోకి లాగిన్ అయి, డివైసెస్ కింద రికవరీ కీ చూడండి. స్క్రీన్ మీద కనబడే కీ ఐడీ మొదటి ఎనిమిది అక్షరాలు అకౌంట్‌లో ఉన్నదానితో సరిపోవాలి. లాప్‌టాప్ కొన్న రోజు షాపతను తన ఈమెయిల్‌తోనో, మీ అబ్బాయి అకౌంట్‌తోనో సెటప్ చేసి ఉంటే కీ అక్కడ ఉంటుంది. ఆఫీసు లాప్‌టాప్ అయితే కీ ఐటీ విభాగం దగ్గరే ఉంటుంది, ఇక్కడితో ఆగి వాళ్ళకి ఫోన్ చేయండి.

సిస్టమ్‌రెస్క్యూకి సెక్యూర్ బూట్ ఆపాల్సి రావచ్చు. వెంటాయ్ కూడా సెక్యూర్ బూట్ ఉన్న మెషీన్‌లో మొదటిసారి తన కీని నమోదు చేయమని అడుగుతుంది. లినక్స్ మింట్‌ని రూఫస్‌తో విడి పెన్‌డ్రైవ్‌లో వేసుకుంటే సాధారణంగా సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉన్నా పనిచేస్తుంది, కాబట్టి బిట్‌లాకర్ మెషీన్‌కి ఆ దారి తక్కువ టెన్షన్.

డిస్కు ఆరోగ్యం

ముందు చెవి పెట్టి వినండి. హార్డ్‌డిస్క్ నుంచి టిక్ టిక్ మని, గరగరమని శబ్దం వస్తుంటే ఇక దాన్ని ఆన్ చేయకండి. లోపల చదివే హెడ్ డేటా ఉండే పళ్ళేన్ని గీకుతూ ఉండొచ్చు, ఆన్‌లో ఉన్న ప్రతి నిమిషం కొంత డేటా పోతుంది. డేటా విలువైనదైతే అది డేటా రికవరీ ల్యాబ్ పని, ఇంట్లో చేసేది కాదు. డిస్కు మూత విప్పడం, ఫ్రిజ్‌లో పెట్టడం లాంటి చిట్కాల జోలికి వెళ్ళకండి.

శబ్దం లేకపోతే సిస్టమ్‌రెస్క్యూలోకి బూట్ అవ్వండి. నల్ల తెర మీద కర్సర్ వస్తుంది. స్టార్ట్‌ఎక్స్ అని టైప్ చేస్తే డెస్క్‌టాప్ తెరుచుకుంటుంది. టెర్మినల్‌లో ఎల్, ఎస్, బి, ఎల్, కె అని ఐదు అక్షరాలు కొడితే డిస్కుల పట్టిక వస్తుంది. సైజు చూసి ఏది ఏదో గుర్తుపట్టి, కాగితం మీద రాసుకోండి. స్మార్ట్‌సీటీఎల్, మైనస్ ఏ, తర్వాత డిస్కు పేరు ఇస్తే ఆరోగ్య నివేదిక వస్తుంది.

హార్డ్‌డిస్క్‌లో చూడాల్సినవి నాలుగు. 5వ నంబరు రీఎలొకేటెడ్ సెక్టార్లు, 197 పెండింగ్ సెక్టార్లు, 198 చదవలేకపోయినవి. చివర ఉండే రా విలువ ఈ మూడింటికీ సున్నా ఉండాలి. 197 సున్నా కాకపోతే ఆ డిస్కు ఇప్పుడే ఎక్కడో చదవలేక తడబడుతోందని అర్థం. నాలుగోది 199, సీఆర్‌సీ తప్పులు. అది పెరుగుతుంటే డిస్కు బాగానే ఉండి కేబుల్ పాడై ఉండొచ్చు, కాబట్టి డిస్కు కొనే ముందు కేబుల్ మార్చి చూడండి. పైన పెద్దక్షరాల్లో "పాస్డ్" అని వచ్చినా నమ్మకండి. వందల్లో పెండింగ్ సెక్టార్లున్న డిస్కు కూడా పాస్డ్ అనే చెప్పగలదు.

ఎన్‌వీఎంఈ (కొత్త, వేగమైన రకం) ఎస్ఎస్‌డీ అయితే ఆ నంబర్లు ఉండవు. క్రిటికల్ వార్నింగ్, మీడియా అండ్ డేటా ఇంటిగ్రిటీ ఎర్రర్స్ రెండూ సున్నా ఉన్నాయా, పర్సెంటేజ్ యూజ్డ్ 100 దాటిందా అని చూడండి. ఎస్ఎస్‌డీతో ఇబ్బంది ఏంటంటే, హార్డ్‌డిస్క్‌లాగా నెమ్మదిగా ముదిరి చెప్పిపోకుండా ఒక్కోసారి ఒక్కసారిగా మాయమైపోతుంది.

కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌లలో లినక్స్‌కి డిస్కు అసలు కనబడకపోతే కంగారు పడకండి. బయోస్‌లో వీఎండీ లేదా ఆర్ఎస్‌టీ అనే మోడ్ ఆన్‌లో ఉండటమే కారణం కావచ్చు. దాన్ని తాత్కాలికంగా మారిస్తే కనబడవచ్చు, కానీ విండోస్ బూట్ చేసే ముందు మళ్ళీ పాతదానికి పెట్టాలి. ఇక్కడ కూడా బిట్‌లాకర్ కీ చేతిలో ఉండాలి.

డేటా బయటికి తీయడం: డిస్కు బాగుంటే

ఇది తేలిక. లినక్స్ మింట్‌లో బూట్ అయి, మీ విండోస్ డిస్కుని తెరిచి, యూజర్స్ ఫోల్డర్‌ని బయటి హార్డ్‌డిస్క్‌కి కాపీ చేయండి. విండోస్ ఫాస్ట్ స్టార్టప్‌తో ఆగి ఉంటే లినక్స్ ఆ డిస్కుని చదవడానికి మాత్రమే తెరుస్తుంది, రాయనివ్వదు. మనకి కావాల్సింది చదవడమే కాబట్టి అదే మంచిది. డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, పిక్చర్స్ అందరూ గుర్తుపెట్టుకుంటారు. మర్చిపోయేవి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ డేటా ఫోల్డర్, డీ డ్రైవ్‌లో ఎప్పుడో దాచినవి, బ్రౌజర్ బుక్‌మార్కులు, అవుట్‌లుక్ మెయిల్ ఫైలు.

ఇంకో కంప్యూటర్ దొరకనివాళ్ళకి ఒక చిట్కా ఉంది. విండోస్ రికవరీ మెనూ (వరుసగా రెండు మూడుసార్లు బూట్ కాకపోతే దానంతటదే వచ్చేది) వస్తే చాలు, కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నోట్‌ప్యాడ్ అని టైప్ చేయండి. నోట్‌ప్యాడ్‌లో ఫైల్, ఓపెన్ నొక్కి, కింద "ఆల్ ఫైల్స్" ఎంచుకోండి. ఆ చిన్న కిటికీయే మీ ఫైల్ ఎక్స్‌ప్లోరర్. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి కాపీ చేసి, పెన్‌డ్రైవ్‌లో పేస్ట్ చేయండి. ఎంత శాతం అయిందో చూపించదు, ఆగిపోయినట్టు కనబడుతుంది. ఓపిగ్గా వదిలేయండి.

ఫైళ్ళు చాలా ఎక్కువైతే అదే ప్రాంప్ట్‌లో రోబోకాపీ వాడండి. ఏ ఫోల్డర్ నుంచి, ఏ ఫోల్డర్‌కి అని ఇచ్చి, చివర స్లాష్ ఈ, స్లాష్ ఎక్స్‌జే, స్లాష్ ఆర్ కోలన్ 1, స్లాష్ డబ్ల్యూ కోలన్ 1 తప్పకుండా చేర్చండి. చివరి రెండూ ఇవ్వకపోతే చదవలేని ఒక్కో ఫైలు కోసం 30 సెకన్ల చొప్పున ఆగుతూ పది లక్షల సార్లు ప్రయత్నిస్తుంది. మీరు రాత్రంతా కూర్చున్నా మొదటి ఫైలు దగ్గరే ఉంటుంది.

డిస్కుని ఊడదీసి ఇంకో కంప్యూటర్‌కి తగిలించి కాపీ చేయడం కూడా మంచి దారే. దానికి యూఎస్‌బీ కేబుల్ లేదా ఎన్‌క్లోజర్ (డిస్కు పెట్టే యూఎస్‌బీ డబ్బా) సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో, మీ ఊళ్ళో కంప్యూటర్ షాపులోనో దొరుకుతుంది. ఎం.2 ఎస్ఎస్‌డీకి కొనేటప్పుడు అది సాటానా, ఎన్‌వీఎంఈనా అని స్టిక్కర్ మీద చూసుకుని వెళ్ళండి. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, ఒకదాని ఎన్‌క్లోజర్ రెండోదానికి పనిచేయకపోవచ్చు.

డిస్కు చచ్చిపోతుంటే: డిడిరెస్క్యూ

పెండింగ్ సెక్టార్లు కనబడినా, కాపీ చేస్తుంటే మధ్యలో బిగుసుకుపోతున్నా మామూలు కాపీ ఆపేయండి. చెడిన చోట దగ్గరకొచ్చి మామూలు కాపీ అక్కడే పదేపదే గుద్దుకుంటుంది, ఆ గుద్దుళ్ళకి డిస్కు ఇంకా కుంగిపోతుంది. గ్నూ డిడిరెస్క్యూ తీరు వేరు. చెడిన చోటు తగిలితే దాన్ని వదిలేసి ముందుకెళ్తుంది, మంచి భాగమంతా ముందు తీసేసుకుని, ఆఖరున చెడిన చోట్లకి తిరిగొస్తుంది. డిడి_రెస్క్యూ అని మధ్యలో గీతతో ఇంకో టూల్ ఉంది, పేరు కలిసినా అది వేరు.

ఇది డిస్కు మొత్తాన్నీ ఇమేజ్ అనే ఒకే ఫైలుగా నకలు తీస్తుంది, కాబట్టి మొదట, బయటి హార్డ్‌డిస్క్‌లో పాత డిస్కు మొత్తం సైజుకి మించిన ఖాళీ ఉండాలి. 1 టీబీ డిస్కులో మీ ఫైళ్ళు 200 జీబీయే అయినా 1 టీబీ పైన ఖాళీ కావాలి. ఆ బయటి డిస్కు ఎన్‌టీఎఫ్ఎస్, ఎక్స్‌ఫ్యాట్ లేదా ఎక్స్ట్4 ఫార్మాట్‌లో ఉండాలి, ఎందుకంటే ఫ్యాట్32లో 4 జీబీ దాటిన ఫైలు పట్టదు.

కమాండ్ వరుస ఇది: డిడిరెస్క్యూ, మైనస్ డి, మైనస్ ఎన్, పాడైన డిస్కు పేరు, ఇమేజ్ ఫైలు పేరు, మ్యాప్ ఫైలు పేరు. ఇమేజ్, మ్యాప్ రెండూ బయటి డిస్కులోనే పెట్టండి. మైనస్ ఎన్ అంటే మొదటి చుట్టులో చెడిన చోట్లని గోకొద్దని చెప్పడం. ఎంటర్ కొట్టే ముందు కాగితం మీద రాసుకున్న పేర్లతో ఇంకోసారి సరిచూసుకోండి. మొదటిది చదివేది, రెండోది రాసేది. తారుమారైతే మంచి డిస్కు చెరిగిపోతుంది. దీనికి ఒక కాపలా ఉంది: రెండో చోట ఫైలు కాకుండా డిస్కు పేరు ఇస్తే, ఫోర్స్ అనే ఆప్షన్ ఇవ్వందే డిడిరెస్క్యూ కదలదు. మనం రాసేది ఇమేజ్ ఫైలులోకే కాబట్టి ఫోర్స్ అడిగిందంటే ఎక్కడో తప్పు టైప్ చేసినట్టే, ఆగండి.

మ్యాప్ ఫైలు చాలా ముఖ్యం. ఎక్కడిదాకా చదివింది, ఏవి మిగిలాయి అన్నది అందులో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోయినా, డిస్కు వేడెక్కి మీరే ఆపినా, అదే కమాండ్ మళ్ళీ ఇస్తే ఆగిన చోటి నుంచి మొదలవుతుంది. మ్యాప్ లేకుండా నడిపితే మళ్ళీ మొదటి నుంచీ చదవాలి, అంత ప్రాణం ఆ డిస్కులో ఉండకపోవచ్చు.

మొదటి చుట్టు అయ్యాక మైనస్ ఎన్ తీసేసి, మైనస్ ఆర్ 3 పెట్టి రెండో చుట్టు తిప్పండి. చెడిన చోట్లని మూడేసిసార్లు ప్రయత్నిస్తుంది. గంటలు పట్టొచ్చు, రోజులూ పట్టొచ్చు. 99 శాతం వచ్చి ఆగిపోతే అక్కడితో తృప్తి పడండి. ఇక పాత డిస్కుని పక్కన పెట్టేసి, మిగతా పనంతా ఇమేజ్ మీదే చేయండి.

పార్టిషన్ మాయమైతే, ఫైళ్ళు డిలీట్ అయితే

టెస్ట్‌డిస్క్ తెరిచి, డిస్కుని లేదా ఇమేజ్‌ని ఎంచుకోండి. పార్టిషన్ టేబుల్ (డిస్కులో సి, డి లాంటి భాగాలు ఎక్కడున్నాయో చెప్పే పట్టిక) రకం అదే కనిపెడుతుంది, అది చూపించినదాన్నే ఒప్పుకోండి. అనలైజ్, తర్వాత క్విక్ సెర్చ్. దొరికిన పార్టిషన్ మీద నిలబడి పి అక్షరం నొక్కితే లోపలి ఫైళ్ళు కనబడతాయి. మీ ఫోల్డర్లు కనబడ్డాయా, ఊపిరి పీల్చుకోండి. చిన్న ఏ (a) నొక్కితే అన్నీ ఎంపికవుతాయి, పెద్ద సీ నొక్కితే బయటి డిస్కుకి కాపీ అవుతాయి. రైట్ (Write, అంటే రాయడం) అనే ఆప్షన్ మాత్రం కాపీ అయ్యాకే. అది పార్టిషన్ టేబుల్‌ని డిస్కు మీద రాసేస్తుంది.

టెస్ట్‌డిస్క్‌కి దొరకకపోతే ఫొటోరెక్. పేరుకి ఫొటో అయినా వర్డ్, పీడీఎఫ్, వీడియో, జిప్ అన్నీ తీస్తుంది. ఫైల్ సిస్టమ్‌ని పట్టించుకోకుండా ఒక్కో రకం ఫైలు ఎలా మొదలవుతుందో చూసి ఏరుకుంటుంది కాబట్టి పేర్లు, ఫోల్డర్లు పోతాయి. వేల ఫైళ్ళు నంబర్లతో వచ్చి పడతాయి. తీసిన ఫైళ్ళని అదే డిస్కులో ఎప్పుడూ దాచకండి, పోయినవాటి మీదే రాసుకుంటూ పోతుంది.

ఎస్ఎస్‌డీలో డిలీట్ చేసినవాటి మీద ఆశ తక్కువ. ట్రిమ్ అనే ఏర్పాటు వల్ల డిలీట్ అయిన చోటుని ఎస్ఎస్‌డీ లోపలే ఖాళీ చేసేస్తుంది. ఆ తర్వాత ఎంత ఖరీదైన సాఫ్ట్‌వేర్ కొన్నా లాభం ఉండదు. క్రాక్ చేసిన రికవరీ సాఫ్ట్‌వేర్ సంగతి సరేసరి, ఫైళ్ళు రావు, వైరస్ వస్తుంది.

ఇప్పుడు విండోస్ రిపేరు

డేటా బయట భద్రంగా ఉంది కాబట్టి ఇక ధైర్యంగా చేయొచ్చు. విండోస్ వరుసగా రెండు మూడుసార్లు బూట్ కాకపోతే రికవరీ మెనూ దానంతటదే వస్తుంది. రాకపోతే విండోస్ ఐఎస్ఓ నుంచి బూట్ చేసి "రిపేర్ యువర్ కంప్యూటర్" నొక్కండి. కొత్త సెటప్‌లో అది "రిపేర్ మై పీసీ" అని ఉంటుంది. ట్రబుల్‌షూట్, అడ్వాన్స్డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళండి.

నిన్నటిదాకా పనిచేసి, అప్‌డేట్ తర్వాత చెడితే ముందు అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్, అందులో చివరి క్వాలిటీ అప్‌డేట్. కొత్త డ్రైవరో, ప్రోగ్రామో వేశాక చెడితే సిస్టమ్ రిస్టోర్. ఏం చేశామో గుర్తులేకపోతే స్టార్టప్ రిపేర్ ఒకసారి చూడండి. ఒకసారి చాలు, అది కుదరదంటే పదిసార్లు నడిపినా కుదరదు. స్టార్టప్ సెట్టింగ్స్ నుంచి సేఫ్ మోడ్‌లోకి వెళ్ళగలిగితే విండోస్ బాగానే ఉంది, ఏదో డ్రైవరో, సాఫ్ట్‌వేరో అడ్డుపడుతోందని తెలుస్తుంది.

వీటితో కాకపోతే కమాండ్ ప్రాంప్ట్. రికవరీలో మీ సి డ్రైవ్ సి గానే ఉండాలని లేదు, డి కావచ్చు, ఇ కావచ్చు. డిస్క్‌పార్ట్ అని కొట్టి, లిస్ట్ వాల్యూమ్ ఇచ్చి, సైజులని బట్టి గుర్తుపట్టండి. కింద సి అని చెప్పిన చోటల్లా మీ మెషీన్‌లో వచ్చిన అక్షరం వాడండి.

లోగో దగ్గరే ఆగి బూట్ ఫైళ్ళు చెడినట్టుంటే బూట్‌రెక్ కమాండ్లు కొట్టమని చాలామంది చెప్తారు. అవి యుఈఎఫ్ఐ రాకముందు వాడిన పాత ఎంబీఆర్ డిస్కుల కాలంవి. ఇప్పటి మెషీన్లలో ఫిక్స్‌బూట్ కొడితే తరచుగా "యాక్సెస్ ఈజ్ డినైడ్" అంటుంది. యుఈఎఫ్ఐకి సరైనది బిసిడిబూట్. డిస్క్‌పార్ట్‌లో ఫ్యాట్32 అని ఉన్న చిన్న ఈఎఫ్ఐ వాల్యూమ్‌ని సెలెక్ట్ చేయండి. మీ పెన్‌డ్రైవ్ మీద కూడా ఫ్యాట్32 వాల్యూమ్ కనబడొచ్చు, రిమూవబుల్ అని ఉన్నదాన్ని తాకకండి. అసైన్ లెటర్ ఈక్వల్స్ ఎస్ అని ఇచ్చి, ఎగ్జిట్ అవ్వండి. తర్వాత బిసిడిబూట్, స్పేస్, సి కోలన్ బ్యాక్‌స్లాష్ విండోస్, స్పేస్, స్లాష్ ఎస్, స్పేస్, ఎస్ కోలన్, స్పేస్, స్లాష్ ఎఫ్, స్పేస్, యుఈఎఫ్ఐ. బూట్ ఫైళ్ళు విజయవంతంగా తయారయ్యాయని వస్తే పెన్‌డ్రైవ్ తీసి రీస్టార్ట్ చేయండి.

అప్‌డేట్ సగంలో ఇరుక్కుని తిరుగుతూనే ఉంటే డిజం వాడాలి: డిజం, స్లాష్ ఇమేజ్ కోలన్ సి కోలన్ బ్యాక్‌స్లాష్, స్లాష్ క్లీనప్-ఇమేజ్, స్లాష్ రివర్ట్‌పెండింగ్‌యాక్షన్స్. ఆ సగం పనుల్ని వెనక్కి తీస్తుంది. విండోస్ ఫైళ్ళే చెడితే ఎస్ఎఫ్‌సీ స్కాన్‌నౌ. కానీ రికవరీలో ఉన్నప్పుడు ఆఫ్‌బూట్‌డిర్, ఆఫ్‌విన్‌డిర్ రెండూ ఇచ్చి మీ విండోస్ ఎక్కడుందో చెప్పాలి, లేకపోతే మీ విండోస్‌ని అది తాకనే తాకదు.

డిస్కు తప్పులు సరిచేసే చెక్‌డిస్క్‌ని కావాలనే చివరికి పెట్టాను. ఏ వీడియో చూసినా మొదట ఇదే కొట్టమంటారు. ఇది డిస్కు మీద రాస్తుంది, అర్థంకాని ఫైళ్ళని ముక్కలు చేసి ఫౌండ్ అనే ఫోల్డర్‌లో పడేస్తుంది. స్లాష్ ఆర్ ఇస్తే ప్రతి సెక్టార్‌నీ చదివిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న డిస్కులో ఫైల్ సిస్టమ్ చెడితే మంచి మందు. చచ్చిపోతున్న డిస్కు మీద డేటా తీయకముందు నడిపితే ఆఖరి దెబ్బ.

లినక్స్ కూడా ఉన్నవాళ్ళకి

విండోస్ అప్‌డేట్ తర్వాత గ్రబ్ మెనూ (విండోస్, లినక్స్‌లలో ఏది కావాలో అడిగేది) రాకపోతే ముందు బయోస్‌లో బూట్ ఆర్డర్ చూడండి, విండోస్ పైకెక్కి కూర్చుని ఉండొచ్చు. గ్రబ్ నిజంగా చెడితే లినక్స్ మింట్ లైవ్‌లో బూట్ రిపేర్ అనే టూల్ మెనూలోనే ఉంటుంది. 2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత చాలామందికి ఎస్‌బీఏటీ పేరుతో సెక్యూరిటీ పాలసీ తప్పు వచ్చి లినక్స్ ఆగిపోయింది. అలాంటప్పుడు సెక్యూర్ బూట్ తాత్కాలికంగా ఆపి లినక్స్‌లోకి వెళ్ళి, అప్‌డేట్లన్నీ వేసుకుని, మళ్ళీ ఆన్ చేయాలి.

రోజుకో రకం నీలి తెర వస్తుంటే

ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఇంకోసారి ఇంకేదో కోడ్ వస్తుంటే విండోస్‌ని తిట్టే ముందు మెమ్‌టెస్ట్86 ప్లస్ నడపండి. 2022లో వచ్చిన 6వ వెర్షన్ నుంచి యుఈఎఫ్ఐ మెషీన్లలో కూడా నడుస్తుంది. రాత్రి పెట్టి పొద్దున చూడండి. ఎర్ర గీత ఒక్కటి వచ్చినా ర్యామ్ మార్చాల్సిందే. చెడిన ర్యామ్ మీద విండోస్ మళ్ళీ ఎక్కించడం దండగ, ఇన్‌స్టాల్ అవుతూనే ఫైళ్ళు చెడతాయి.

ఏదీ కుదరకపోతే మళ్ళీ ఎక్కించండి

రీసెట్ దిస్ పీసీలో కీప్ మై ఫైల్స్ ఉంది. ప్రోగ్రాములు పోతాయి. యూజర్స్ ఫోల్డర్ బయట దాచుకున్నవాటి మీద భరోసా పెట్టుకోకండి. కొత్తగా ఎక్కించేటప్పుడు అదే పార్టిషన్‌ని ఫార్మాట్ చేయకుండా ఎంచుకుంటే పాతదంతా విండోస్.ఓల్డ్ అనే ఫోల్డర్‌లోకి వెళ్తుంది. కొన్ని రోజులకి విండోస్ దాన్ని తీసేస్తుంది కాబట్టి వెంటనే చూసుకోండి. అదే మదర్‌బోర్డు అయితే ప్రొడక్ట్ కీ అడిగినప్పుడు లేదని చెప్పి ముందుకెళ్ళండి, నెట్ తగలగానే యాక్టివేట్ అవుతుంది. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది, కాబట్టి మెషీన్ ఒప్పుకుంటే 11 వేసుకోవడం మేలు.

అంతా కుదిరి, డ్రైవర్లు, ప్రింటరు, తెలుగు కీబోర్డు అన్నీ సరిపోయాక ఒక్క పని మిగిలింది. పెన్‌డ్రైవ్‌లో ఉన్న క్లోన్‌జిల్లాలోకి బూట్ అయి, డివైస్-ఇమేజ్ మోడ్‌లో డిస్కు మొత్తానికి ఒక ఇమేజ్ తీసి బయటి డిస్కులో పెట్టుకోండి. వాడిన భాగమే కాపీ చేస్తుంది కాబట్టి డిస్కంత చోటు పట్టదు. ఆ ఇమేజ్‌ని తిరిగి వేయాల్సిన డిస్కు పాతదానితో సమానంగానో, పెద్దదిగానో ఉండాలి. ఇమేజ్ అయ్యాక దాన్ని సరిచూడమంటారా అని అడుగుతుంది. టైం ఎక్కువ పట్టినా అవుననే చెప్పండి.